నలభై రెండు ప్యాకేజీలు, రోజుకు మూడు

జూన్ 4, 2007, సోమవారం
ఉదయం 9:30. రాంగోపాల్‌పేట్ ఆఫీసు. కొత్త వెర్షన్ డేటాబేస్ సర్వర్ వచ్చేసింది!
మా కంపెనీకి నగరమంతా మందుల దుకాణాలు. ఏ దుకాణంలో ఏ మందు ఉందో, దాని గడువు తేదీ ఏదో రోజూ పొద్దున్నే సేకరించి సర్వర్లో చేర్చే చిన్న ప్రోగ్రాములు నలభై రెండు. వాటినే ప్యాకేజీలంటాం. అన్నీ ఆరేళ్ల కిందట నేను రాసినవే. ఇప్పుడు కొత్త సర్వర్‌కు తగ్గట్టు మార్చాలి. నెలాఖరున పాత సర్వర్ ఆపేస్తారు.
తీర్మానం: రోజుకు మూడు. పద్నాలుగు రోజులు. ఎవరి సాయమూ అడగను.
పక్క సీటు దేవకృప కొత్త వెర్షన్ మీద శిక్షణ తీసుకుంది. "సార్, జెర నేను సుత చూస్తా" అంది.
"నా పిల్లల్లాంటివమ్మా ఇవి. నాకు వదిలెయ్."
సాయంత్రం 5:00. మూడు కాదు, నాలుగు!!

జూన్ 5
రెండు. మూడోది మొండిది. రేపు నాలుగు చేస్తే సరి.
ఇంట్లో మా ఆవిడ కామాక్షికి వివరంగా చెప్పాను. "అయితే చేసిన పనే మళ్లీ చేస్తున్నారన్నమాట" అంది. ఆవిడకు అర్థం కాదు.

జూన్ 7
ఒక్కటీ కాలేదు. కానీ పట్టిక తయారుచేశాను. అయినవి పచ్చ, కానివి ఎరుపు, సగంలో ఉన్నవి పసుపు. బ్రహ్మాండంగా వచ్చింది.

జూన్ 9, శనివారం
11:00. కరెంటు పోయింది.
11:20. వచ్చింది. మూడ్ మాత్రం రాలేదు.
3:00. ఒక ప్యాకేజీ పాస్‌వర్డ్ అడుగుతోంది. కామాక్షి పేరు కాదు. స్కూటర్ నంబరు కాదు. కామాక్షి పుట్టినరోజూ కాదు (అది ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. దాని మీద ఇంట్లో వేరే గొడవ).

జూన్ 13
ఒక ప్యాకేజీలో నేనే రాసుకున్న మాట: "దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు." ఎందుకో రాయలేదు. ముట్టుకోలేదు.

జూన్ 18, సోమవారం
మేనేజరు రాజబాబుగారు అడిగారు: "ఎంతవరకు వచ్చింది రత్నంగారూ?"
"దాదాపు అయిపోయిందండీ."
దాదాపు అంటే పద్నాలుగు.
ఒక్క మీట నొక్కితే ప్యాకేజీలన్నిటినీ అదే మార్చేసే సదుపాయం ఒకటుంది. మొదటిరోజు దాన్ని చూసి నవ్వాను.
4:10. నొక్కాను.
4:25. పట్టికంతా పచ్చ!! దుకాణాలన్నిటినీ కొత్త సర్వర్‌కు మళ్లించేశాను.
దేవకృప తొంగిచూసింది. "తేదీలు సక్కగొచ్చినయా, చూసిన్రా సార్?"
"ఆఁ, చూశాను."
చూడలేదు.

జూన్ 19
ఉదయం 8:50. బొల్లారం దుకాణం నుంచి సుబ్బరాజు ఫోను. "ఏవండీ, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో నా కళ్లెదురుగానే ఉంది. కంప్యూటరేమో ఎక్స్‌పైరీ అయిపోయిందంటోంది, బిల్లు కానివ్వట్లేదు. ఎమిలీ టీచరుగారు ఏడింటి నుంచీ ఇక్కడే కూర్చున్నారు. నిన్నటితో ఆవిడ మందు అయిపోయిందంట."
డబ్బా మీద 03/11/2007. అంటే నవంబరు మూడు. నా ప్యాకేజీ దాన్ని మార్చి నెల పదకొండో తేదీ అని చదివింది.
"చేత్తో బిల్లు రాసి ఇచ్చేయండి. బాధ్యత నాది" అన్నాను.
టీచరుగారు ఫోను తీసుకున్నారు. "నాయనా, కళ్లజోడు లేకుండా నేనే చదివాను. మీ మెషీనుకి చదవడం రాదా?" నవ్వుతూనే అన్నారు గానీ గొంతులో ఓపిక లేదు.
9:05. దేవకృప దగ్గరికి వెళ్లాను. "తేదీలు చూడలేదమ్మా. నిన్న అబద్ధం చెప్పాను."
తన కీబోర్డు ముందుకు లాక్కుంది. "పరేషాన్ గాకుండ్రి సార్. ముందుగాల్ల పాత సర్వర్ మీదికే మళ్లిద్దాం."
9:40. అన్ని దుకాణాల్లోనూ తేదీలు సరయ్యాయి.
10:05. మళ్లీ సుబ్బరాజు. టీచరుగారు ఇంజెక్షన్ చేసుకుని, టిఫిన్ తిని ఇంటికి వెళ్లారట. అప్పుడు కూర్చోగలిగాను.
రాజబాబుగారికి నేనే వెళ్లి చెప్పాను. పావుగంట తిట్టారు. అన్నీ నిజాలే.

జూన్ 20, బుధవారం
కొత్త తీర్మానం: ఇద్దరం కలిసి రోజుకు అయిదు. ప్రతి తేదీ కళ్లతో చూడాలి. తెలియనిది అడగాలి.
9:45. "ఈ లైను ఏం జేస్తది సార్?"
"తెలీదమ్మా."
ఆ మాట అన్నా ఏమీ కాలేదు. పైకప్పు అక్కడే ఉంది.
10:30. ఒకటి పూర్తి!
10:50. రెండోది మొరాయించింది. "ఇదొక్కటీ నేను చూసుకుంటాలే" అనేశాను. నోరు జారింది.
దేవకృప కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.
"చూస్కోన్రి సార్. నేను మిమ్మల్ని చూస్కుంట."