మా చేనులోని ఆదిమానవుడి సంగతి

పురావస్తు శాఖ ఆఫీసరు గారి సముఖమునకు,
శ్రీకాకుళం జిల్లా, చీపురుపల్లి తాలూకా, గెడ్డవలస కాపురస్థుడు సోములు భార్య దాలమ్మ వ్రాసుకొన్న అర్జీ. జూన్ 1968.

అయ్యా,

విషయం: మా మెట్టచేను చుట్టూ వేసిన ముళ్లకంచె తీయించుట గురించి.

నేను నాలుగో తరగతి వరకే చదివాను. రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. మన్నించవలెను.

1. నెల కిందట తమరు మా చేనుగట్టున రాతిపెచ్చుల కుప్ప చూసి, వేల ఏళ్ల నాటి ఆదిమానవుడు పనిముట్లు చేసిన చోటని చెప్పి, దున్నరాదని కంచె వేయించారు. తొలకరి పడింది. ఊరంతా చోళ్లు, అంటే రాగులు, చల్లుతున్నారు. మాకున్నది ఆ ఒక్క చేనే. ఈ వారం చల్లకపోతే ఏడాదంతా పస్తులే.

2. సదరు ఆదిమానవుడిని నేనే.

3. ఎట్లనగా, నాకు చుట్ట అలవాటు. పుట్టింట్లో మా మామ్మ నేర్పింది. నిప్పు నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ వేస్తాను. మా అత్త తవిటమ్మగారు కూడా వేస్తారు, కాని కోడళ్లు వేయరాదని ఆవిడ శాసనం. అగ్గిపెట్టె ఆవిడ రొంటిన ఉంటుంది. అందుచేత గెడ్డ వాగులో చెకుముకి రాళ్లు ఏరి, గట్టు మీద చెక్కుకొని, విరిగిన కొడవలి ముక్కతో కొట్టి, రవ్వను బూరుగు దూదికి అంటిస్తున్నాను. రాయిని నడిమికి కొడితే ముక్కలవుతుంది. అంచున ఏటవాలుగా కొడితే చేప పొలుసులా పెచ్చు లేస్తుంది. అంచు మొద్దుబారితే మళ్లీ ఒక పెచ్చు తీయాలి. మూడేళ్లలో ఆ కుప్ప అలా పెరిగింది.

4. ఆ పనివాడు సూర్యుణ్ణి కొలిచేవాడు, అందుకే తూర్పు ముఖంగా కూర్చున్నాడని తమరు నా పెనిమిటితో సెలవిచ్చారు. మా అత్తగారు వచ్చే దారి తూర్పున ఉన్నది.

5. అతనిది ఎడమచేతి వాటం, చిన్న చేతులు, గొప్ప ఓర్పు అని కూడా అన్నారు. తలుపు చాటున విన్నాను. ఈ ఇంట్లో నా చేతుల గురించి అంత మంచిమాట ఎవరూ అనలేదు. అందుకే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అది నా తప్పే.

6. ఇంట్లో చెప్పలేను. మా అత్తగారు నూతి దగ్గర, "మా సేలో దేవుడి కాలం నాటి మడిసి ఉన్నాడటే! మీ సేలల్లో ఏటున్నాది, పీతలా?" అని అందరినీ దెప్పుతున్నారు. నా పెనిమిటి, "అదును పోతన్నాదమ్మా, ఆడు మనకి అంబలి పోస్తాడేటి?" అంటే, "నోరుముయ్యిరా! ఆపీసరు బాబే సెప్పినాడు. ఆడు మన పెద్దోడు, దండమెట్టు" అన్నారు. శుక్రవారం శుక్రవారం కంచె బయటి నుంచి పసుపునీళ్లు చల్లి నాచేత కూడా దండం పెట్టిస్తున్నారు.

కావున వేరే ఏదో ఒక కారణం చూపి కంచె తీయించవలెను. రుజువుకు నిన్న నేను చెక్కిన రాయి పంపుతున్నాను. తమరు పట్టుకెళ్లిన రాళ్ల పక్కన పెట్టి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దాలమ్మ

మరొక మాట. పొట్లంలో రెండో రాయి నాది కాదు. నిరుడు నాగలికి తగిలి లేచింది. రెండు మొహాలా పెచ్చులు తీసి ఉన్నాయి, అంచు వెదురాకులా సమంగా ఉంది. నెల్లాళ్లు ప్రయత్నించాను, నావల్ల అలా కాలేదు. ఎవరు చేశారో గాని నాకన్నా నేర్పరి. దాచుకోవడానికి మనసొప్పలేదు. అతని కోసం చేను తవ్వదలచుకుంటే చోళ్లు కోసిన తర్వాత రండి. ఈ కాగితం మాత్రం చదివిన వెంటనే కాల్చేయండి బాబూ.