గంట లోపలి పేరు

డెవన్, 1958 మే 6

ఓడలు విప్పే యార్డు సూపర్‌వైజరు గారికి,

మీరు విప్పుతున్న 'హాల్డన్' యుద్ధనౌక బాయిలర్ల దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. నార్వే, మాల్టా, మూర్మాన్‌స్క్ దాని మీదే చూశాను. 1938లో ఓడ గంటను తిరగేసి, నీళ్ళు నింపి, మా చిన్నమ్మాయి థర్జాకు అందులోనే జ్ఞానస్నానం చేయించాం. నేవీ ఆనవాయితీగా తన పేరు గంట లోపల చెక్కించాం. ఓడ పాదిరిగారి రిజిస్టరు క్రీట్ దగ్గర బాంబు పడి కాలిపోయింది.

వచ్చే ఆదివారం థర్జా తన అక్క కొడుకు జ్ఞానస్నానంలో వాడికి జ్ఞానతల్లిగా నిలబడాలి. అందుకు తనకూ జ్ఞానస్నానం అయినట్టు మా ఊరి పాదిరిగారు రుజువు అడుగుతున్నారు.

"లేకపోతే బాబుతోపాటు నీ నెత్తినా నీళ్ళు పోస్తానమ్మా!" అంటున్నారు.

"లోపల చెక్కితే ఎవడికి కనిపిస్తుందయ్యా? నేవీ తెలివి!" అని నా భార్య ఎత్తిపొడుస్తోంది.

దయచేసి పేరు చూసి, ఉందని సంతకం చేసి పంపండి. ఆ పేరు కింద ఇంకో పేరుకు కాస్త చోటుంటే గంటను కరిగించకండి, నేనే వచ్చి దాన్ని అడుగుతాను. బాబు పేరు చిన్నదే.

ఇట్లు,
హాల్డన్ పాత స్టోకరు