రాత్రి రెండింటి నవ్వు

ప్రియమైన బుడ్డీకి,

ఈ ఉత్తరం చదివి నవ్వుకుంటే నవ్వుకో, ఫోన్ మాత్రం చేయకు. నువ్వు అక్కడ గొంతు చించుకుంటావు, నేనిక్కడ "ఆఁ? ఆఁ?" అంటుంటాను, పక్కింటివాళ్ళు తల్లీకూతుళ్ళు పోట్లాడుకుంటున్నారనుకుంటారు. ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ మనిషికి ఈ మాత్రం చెవులు మిగలడమే గొప్ప. మనకు ఉత్తరాలే నయం.

సంగతేమిటంటే, వచ్చే శనివారం రాత్రి నేను దయ్యాల వేటకు వెళ్తున్నాను.

నాకు మతి పోలేదు. మీ నాన్న పందొమ్మిదేళ్ళు రాత్రి కాపలా కాసిన పెద్దింటికే. పగలు టికెట్టు కొని చూసే ఇల్లే కదా అది. ఇప్పుడు నెలకోసారి రాత్రిపూట దీపాలన్నీ ఆర్పేసి, పదిమందిని లోపలికి వదిలి, దయ్యాన్ని వెతుక్కోమంటున్నారు. దీనికంతటికీ నాయకుడు కళ్ళద్దాల కొట్టు పొడుగాయన. నా కళ్ళద్దాల కాడ విరిగితే బాగుచేయించడానికి వెళ్ళాను. అప్పుడు చెప్పాడు.

"మీరు భయపడరు కదండీ?" అన్నాడు.

"నాతో మాట్లాడాలంటే ఎంత దయ్యమైనా అరవాలి. భయపడాల్సింది వీధిలోవాళ్ళు" అన్నాను.

నవ్వి, నా పేరు రాసుకున్నాడు.

ఎందుకు వెళ్తున్నానో నీ దగ్గర దాచను. మీ నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఆ సాయంత్రం మేమిద్దరం పోట్లాడుకున్నాం. రాత్రి డ్యూటీ మానేస్తానని మూడుసార్లు మాటిచ్చిన మనిషి మళ్ళీ "ఇంకొక్క నెల" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు ఆ ఇల్లే ఇల్లు, ఇది సత్రం" అన్నాను. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. నేను వంటింట్లో అటు తిరిగి ఉన్నాను. వినపడలేదు. పొద్దున్న ఊడ్చే ఆవిడ వెళ్ళి చూసేసరికి మెట్ల కింది గదిలో కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాడట.

ఆయన ఏమన్నాడో తెలియక నేను ఏడాదిన్నరగా సరిగ్గా నిద్రపోలేదు. దయ్యాలున్నాయో లేవో నాకు అనవసరం. ఒకవేళ ఉంటే, ఆ మాట మళ్ళీ ఒకసారి అడిగి వస్తాను.

శాలువా పట్టుకెళ్తాలే, కంగారుపడకు.

ముద్దులతో,
మీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం వార్డులో చదివాను. మా పెద్ద నర్సమ్మ "ఏమైంది, ఎందుకలా అయిపోయావ్?" అని అడిగింది. మా అమ్మ దయ్యాన్ని పట్టుకోవడానికి వెళ్తోందంటే, "పాపం ఆ దయ్యం!" అంది.

అమ్మా, వద్దు. నీకు పగలు తలుపు కొడితేనే వినపడదు. అర్ధరాత్రి గుసగుసలేం వినపడతాయి? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా. పైగా ఆ ఇంట్లో మెట్లు అరిగిపోయి ఉన్నాయి. చీకట్లో కాలు జారిందంటే దయ్యాల సంగతి తర్వాత, ముందు ఎముకల డాక్టరును వెతుక్కోవాలి.

నాన్న ఏమన్నా కోపంతో అనుండడు. నీమీద ఆయనకు కోపం అరగంట కూడా నిలిచేది కాదు. ఆ రాత్రి కూడా నిలవలేదు. నా మాట నమ్మి ఇంట్లో పడుకో.

ఆ మెట్ల కింది గదిలోకి మాత్రం వెళ్ళకు. నీ మంచికే చెబుతున్నాను.

నాకు ఇక్కడ పని ఎక్కువగానే ఉంది, ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను. నువ్వు అడిగేవి ఈ మూడే కదా.

ప్రేమతో,
నీ బుడ్డి (నీకంటే జానెడు పొడుగు)

*

ప్రియమైన బుడ్డీకి,

వెళ్ళొచ్చాను. ఎముకలన్నీ లెక్కకు సరిపోయాయి.

మొత్తం పదకొండు మందిమి. అందరి బూట్లకీ గుడ్డసంచులు తొడిగారు, పాత చెక్కనేల గీసుకుపోకుండా. పొడుగాయన దగ్గర మాటలు పట్టే చిన్న యంత్రం, చలి కొలిచే గొట్టం, ఎవరైనా దగ్గరికొస్తే మిణుకుమనే డబ్బా ఉన్నాయి. ఆ డబ్బా మిణుకుమన్నప్పుడల్లా ఒక కొత్తజంట ఒకరినొకరు కరుచుకుపోయారు. వాళ్ళు వచ్చిందే అందుకోసమనుకుంటా.

పొడవాటి బల్ల ఉన్న భోజనాల గదిలో చీకట్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరూ ఒక ప్రశ్న అడగాలి, తర్వాత నిమిషంసేపు ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. ఒకాయన "మీరెవరు?" అన్నాడు. ఒకావిడ "మీకేం కావాలి?" అంది. నా వంతు వచ్చింది. అడగాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి. "టీ తాగారా?" అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, మిల్లు గొంతు. పదిమందీ కుర్చీల్లోంచి ఎగిరిపడ్డారు. యంత్రం కింద పడింది.

ఇదంతా నిన్ను నవ్విద్దామని రాస్తున్నాను. అసలు సంగతి ఇంకొకటి ఉంది.

పొడుగాయన ఆ ఇంటి కథ చెప్పాడు. నా పక్కనే కూర్చుని, చెవి దగ్గరగా చెప్పాడు, మంచివాడు. ఆ ఇంట్లో దయ్యం ఏడవదట, నవ్వుతుందట. రాత్రి రెండింటికి మెట్ల కింది గదిలోంచి ఒక మగగొంతు మెల్లగా మాట్లాడుతూ, మధ్యమధ్య నవ్వుతూ ఉంటుందట. ఏడాదిపాటు వినపడి, ఏడాదిన్నర క్రితం ఆగిపోయిందట. అది మళ్ళీ వస్తుందేమోనని వీళ్ళ వేట.

ఎవరు విన్నారంటే, వెనకవీధి బేకరీ ఆయనట. మర్నాడు పొద్దున్నే బేకరీకి వెళ్ళాను. ఆయన పొయ్యి వెలిగించేది రెండింటికే. ఆ గది కిటికీ ఆయన పెరట్లోకి ఉంది.

"చాలాసార్లు విన్నానమ్మా. కాపలా ఆయనతో చెప్తే, 'అవునండీ, ఉంది, మీరు కిటికీ దగ్గరికి రాకండి' అన్నాడు" అన్నాడు.

"ఎలా నవ్వేది?" అన్నాను.

పిండిచేతులు నడుముకు తుడుచుకుని నవ్వి చూపించాడు. ముందు ముక్కుతో గుర్రుమని, తర్వాత పొట్ట కదిలేలా మూడుసార్లు, చివర్న దగ్గు.

బుడ్డీ, అది మీ నాన్న నవ్వు.

ఆయన రాత్రి రెండింటికి ఎవరితో నవ్వాడు? మా ఇద్దరికీ అన్నీ కేకలే. ఉప్పు కావాలన్నా కేకే, ప్రేమగా పలకరించాలన్నా కేకే. నా చెవుల వల్లే, ఆయన తప్పు కాదు. కానీ అక్కడ ఎవరితోనో మెల్లగా మాట్లాడాడు. మెల్లగా మాట్లాడితే వినపడే మనిషి ఎవరో ఆయనకు దొరికింది. అందుకేనా ఇంకొక్క నెల, ఇంకొక్క నెల అన్నాడు?

నాకు ఈ వయసులో ఈ అనుమానమేమిటో. సిగ్గుగా ఉంది, అయినా పోవడం లేదు.

మీ అమ్మ

*

ప్రియమైన బుడ్డీకి,

ఇరవై రోజులైంది, జవాబు లేదు. నువ్వు ఎప్పుడూ వారం దాటనివ్వవు.

నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "ఆ రాత్రి కూడా నిలవలేదు" అని రాశావు. నీకెలా తెలుసు? మెట్ల కింది గదికి వెళ్ళొద్దన్నావు, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నావు. నీకేదో తెలుసు. ఆమె ఎవరైనా సరే, చెప్పు. నేను ఏడవను. ఏడ్చినా నువ్వు చూడవుగా.

మీ అమ్మ

*

అమ్మా,

ఆమె నేనే.

ఇలా ఒక్క మాట రాయడానికి ఇరవై రోజులు పట్టింది. రాసి చింపినవి రాసి చింపినట్టే పోయాయి.

నన్ను మొదట రాత్రి వార్డులో వేశారు కదా. మొదటి వారంలోనే నా చేతుల్లో ఒక ముసలాయన పోయాడు. నీకు రాయలేదు, రాస్తే మానేసి వచ్చేయమంటావని. నాన్న ఎలా కనిపెట్టాడో, ఒక రాత్రి రెండింటికి వార్డు ఫోను మోగింది. "నువ్వూ మేలుకునే ఉన్నావు, నేనూ మేలుకునే ఉన్నాను, ఊరికే కూర్చోవడమెందుకు?" అన్నాడు. మర్నాడూ చేశాడు. ఏడాదిపాటు ఒక్క రాత్రి మానలేదు. మెట్ల కింది గదిలో ఉన్న ఫోనులోంచే. అమ్మకు చెప్పొద్దు, నేను ఏడుస్తున్నానని తెలిస్తే తట్టుకోలేదు అని నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆయన మానేస్తానన్నప్పుడల్లా "ఇంకొక్క నెల నాన్నా, పగటి డ్యూటీ వేసేదాకా" అన్నది నేనే. నువ్వు ఆయనతో పోట్లాడింది నా మూలంగానే.

మెల్లగా మాట్లాడాడని బాధపడ్డావు. మాట్లాడిందంతా నీ గురించేనమ్మా. కూరగాయలాయనతో నువ్వు బేరమాడిన తీరు, బస్సులో నువ్వు రహస్యం చెబితే బస్సంతా విన్న సంగతి, అన్నీ చెప్పి నవ్వేవాడు. నేను నవ్వితే ఇంకా నవ్వేవాడు. నేను ఆ ఏడాది నిలబడింది ఆ నవ్వు వల్లే. నిన్ను అనుకరించేటప్పుడు మాత్రం కేకలేసేవాడు. అప్పుడు వార్డులో రోగులు కూడా కళ్ళు తెరిచేవాళ్ళు.

ఆ రాత్రీ చేశాడు. "మీ అమ్మ అలిగింది. పొద్దున్నే వెళ్ళి బతిమాలుకోవాలి. ఆ పని నాకు బాగానే వచ్చులే" అన్నాడు. నవ్వాడు కూడా.

ఇంకొకటి అన్నాడు. దీన్ని రాయడానికే ఈ ఇరవై రోజులూ. "ఎడమ భుజం లాగుతోందే, సాయంత్రం నుంచీ" అన్నాడు. "కుర్చీలు జరిపి ఉంటావు, నూనె రాసుకో" అన్నాను. నేను నర్సునమ్మా. అదే మాట వార్డులో ఏ రోగి అన్నా పరుగెత్తుకెళ్ళి డాక్టరును లేపేదాన్ని. సొంత నాన్న అంటే నూనె రాసుకోమన్నాను.

నీకు ఎలా చెప్పను? నాన్నను ఆ గదిలో ఉంచిందీ నేనే, ఆయన మాట పట్టించుకోనిదీ నేనే. నువ్వు నాతో మాట్లాడకపోయినా నేను ఏమీ అనుకోను.

బుడ్డి

*

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం అందిన గంటలోనే ఇది రాస్తున్నాను, పొయ్యి మీద టీ మరిగి ఇగిరిపోయింది.

ముందు నీమీద నా కోపం ఎంతో చెబుతాను. ఏడాదిపాటు నా వెనక తండ్రీకూతుళ్ళు చేరి నవ్వుకున్నందుకు రెండు తిట్లు. నువ్వు ఏడుస్తున్నావని నాకు చెప్పనందుకు ఇంకొకటి. అంతే, అయిపోయింది.

ఇప్పుడు నేను చెప్పేది విను. ఆయన గుమ్మంలో అన్న మాట వినపడలేదని నీకు రాశాను. ఊడ్చే ఆవిడకూ అలాగే చెప్పాను, చుట్టాలకూ అలాగే చెప్పాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మడం మొదలుపెట్టాను. అబద్ధం. వినపడింది. "భుజం లాగుతోంది, కాస్త కాపడం పెడతావా?" అన్నాడు. నాకు కోపం. గిన్నె తోముతూ వినపడనట్టే ఉన్నాను. చెవిటిదాన్ని కదా, ఎవరు తప్పుపడతారు? కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆ ఇంటికి ఆ మాట వినడానికి వెళ్ళలేదు బుడ్డీ. వినపడిందని ఆయనతో చెప్పడానికి వెళ్ళాను. పదిమంది ముందు నోరు రాక టీ గురించి అడిగాను.

ఆయన నాతో చెప్పాడు, నీతో చెప్పాడు. కాపడం పెట్టమన్నాడే గాని డాక్టరన్న మాట ఆయనకే తోచలేదు. నువ్వు కనీసం జవాబు చెప్పావు. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పని తూకం వేసుకుంటూ కూర్చుంటే, అలకలు తీర్చడం బాగా వచ్చన్నాడు చూడు, ఆ మనిషికే నచ్చదు. నేను అలిగానని తెలిసి కూడా నవ్వాడని రాశావు. ఆ ఒక్క ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను.

పొడుగాయనకు ఏమీ చెప్పలేదు. వచ్చే నెల వేటకు ముప్పైమంది పేర్లిచ్చారట. వెతుక్కోనీ.

శుక్రవారం సాయంత్రం బండికి బయల్దేరి రా. సెలవు ఇవ్వనంటే మీ పెద్ద నర్సమ్మకు నేను ఫోన్ చేస్తానని చెప్పు, నా గొంతు విన్నాక ఆవిడే పంపిస్తుంది. ఇంటికొచ్చి నా ఎదురుగా, దీపం దగ్గర కూర్చుని ఆ ఏడాది కబుర్లన్నీ చెప్పు. అరవక్కర్లేదు. నీ పెదాలు చూస్తూ ఉంటాను, మెల్లగానే చెప్పు.

మీ అమ్మ