బావ వేళ్ళకి జీడి

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే బండి మళ్ళీ వణికింది. తాళం తిప్పగానే ఒళ్ళంతా దడదడ... ఇంజిన్ గుర్తు పసుపు రంగులో వెలిగింది, మరి ఆరలేదు. వెనక సీట్లోంచి అమ్మ — "ఏటే, నాకొచ్చినట్టు దీనికీ సలిజొరం వచ్చినాదేటి?" నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. మంగళవారం, శుక్రవారం అమ్మని శ్రీకాకుళం డయాలసిస్‌కి తీసుకెళ్ళేది ఈ బండే. ఒక్క రోజు తప్పినా కాళ్ళు వాచిపోతాయి, పడుకుంటే ఊపిరాడదు. హైవే మీద ఆగిపోతే ఏం చేస్తాను?

ఈ సెకండ్‌హ్యాండ్ కారు కొనిపించింది అక్క మొగుడు, దావీదు బావ. మెకానిక్కు కదా అని నమ్మాను. కడిగిన ముత్యం అన్నాడు అప్పుడు. ముత్యమట.

జూన్ 4

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో బావ షెడ్డుకి తీసుకెళ్ళాను. బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాడు.

"గాలి లోనికెళ్ళే వాల్వులకి మసి పేరుకుపోయినాదే సువార్తా. ఇప్పి గీకాల."

పెట్రోలు కడిగేస్తుంది కదా అన్నాను. నేను పనిచేసే స్కూల్లో సైన్సు మాస్టారు అలాగే చెప్పారు.

"ఆయన బండి పాతదే తల్లీ. దాన్లో పెట్రోలు వాల్వు మీంచే జారతాది, కడుగుతాది. నీ దాన్లో తిన్నగా సిలిండర్లోకే సిమ్ముతాది. వాల్వుకి తానం ఎక్కడ?"

బాగానే చెప్పాడు. మరీ బాగా చెప్పాడు. అంత తడుముకోకుండా చెప్పేవాళ్ళని నేను నమ్మను.

జూన్ 5

ఫోన్లో ఫోటో పంపాడు. వాల్వులట. అట్లపెనం అడుగులా నల్లగా, పెచ్చులు పెచ్చులుగా. నా బండివేనా అంటే — "మరెవులివే?"

ఏమో. ఫోటోలో బండి నంబరు ఉండదు కదా.

జూన్ 6, శుక్రవారం

నా బండి ఇంకా విప్పే ఉంది. బావే తన పాత కారులో మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి తెచ్చాడు. అమ్మకి చెయ్యందించి దింపుతుంటే చూశాను — వేళ్ళ కొసలు నల్లబడి, తోలు ఊడుతోంది. అమ్మా చూసింది. పలాసలో జీడిపిక్కలు కొట్టి మమ్మల్ని పెంచిన మనిషి. తొక్కలోని జీడి రసం కాల్చిన మచ్చలు ఆమె చేతులకి ఇంకా ఉన్నాయి.

"జీడి అంటినాదేటి బాబూ?"

"కాదత్తా, బేటరీ యాసిడ్ పడినాది."

చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. అబద్ధమని అమ్మకీ నాకూ తెలిసిపోయింది.

జూన్ 7

బావ భోజనానికి వెళ్ళిన వేళ చూసి షెడ్డుకి వెళ్ళాను, దొంగలా. మూలన గోనె సంచి, సగం ఖాళీ. లోపల దంచిన జీడిపిక్క తొక్క.

ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. ఈ మసి వదలగొట్టడానికి బయటి దేశాల్లో వాల్‌నట్... అదే, అక్రోటు తొక్క పొడి వాడతారట. వాల్వు మూసి ఉంచి, గాలితో పొడి కొట్టి, వెంటనే మిషనుతో పీల్చేస్తారు. ఇనుము గీసుకోదు, మసి రాలిపోతుంది.

అర్థమైంది! అక్రోటు తొక్క ఇక్కడెక్కడ దొరుకుతుంది? పలాసలో జీడి తొక్క గుట్టలు గుట్టలు. తొక్కకి తొక్క అనుకున్నాడు. కానీ ఆ తొక్కలో జీడినూనె ఉంది బావా... చెద పట్టకుండా దూలాలకి పూసే నూనె. ఆరితే జిగురై, ఆ పైన రాయై కూర్చుంటుంది. దాన్ని నా వాల్వుల మీద కొట్టావా? అమ్మని ఎక్కించే బండిలో?



జూన్ 8, ఆదివారం

చర్చిలో ముందు వరసలో బావ, అందరికన్నా పెద్ద గొంతుతో పాట. బయటికొచ్చాక పట్టుకున్నాను.

నా బండికి ఏం కొట్టావు?

"అక్రోటు తొక్కే. వైజాగ్ నుంచి తెప్పించేను."

మరి మూలన సంచి?

నేల చూశాడు. "అది... నా కారు మీద సూసేను. అంతే."

అక్క మధ్యలో వచ్చింది — "ఆయన మీదేటే నీ అనుమానం? మొన్న అమ్మని మోసినోడెవుడు?" సిగ్గేసింది.

అయినా అక్రోటు సంచి ఏదీ? అడగాల్సింది.

జూన్ 9

బండి తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. స్టార్ట్ చేశాను. వణుకు లేదు. పసుపు గుర్తు లేదు. "ఇప్పుడేటంటావు?" అన్నాడు. ఇంజిన్ ఆపేశాను.

సాయంత్రం స్కూల్లో అడ్మిషన్ల పని చూసుకుని వస్తూ షెడ్డు ముందు ఆగాను. బావ లేడు. ఆయన కారు ఇంజిన్ విప్పేసి ఉంది. వాల్వులు తుమ్మబంక పట్టినట్టు, కదలకుండా. అంటే నిజంగానే తన కారు మీద చూశాడు! గుండె తేలికైంది. పాపం, ఎన్ని మాటలు అనుకున్నాను బావని.

సగం దారిలో ఇంకో ఆలోచన. ఏది ముందు? తన కారు చెడ్డాక నాకోసం అక్రోటు తెప్పించాడా? లేక నా బండికి కొట్టేశాక భయమేసి తన దాని మీద చూసుకున్నాడా? శుక్రవారం ఆ కారు బాగానే నడిచింది. వేళ్ళు అప్పటికే కాలి ఉన్నాయి. మరి అప్పటికే ఆ పొడి ఏ బండికి కొట్టినట్టు?

జూన్ 10, మంగళవారం

పొద్దున్న బయల్దేరబోతే గేటు దగ్గర బావ. భుజాన పనిముట్ల సంచి.

"నానూ వస్తాను."

"ఎందుకు బావా?"

"ఊరికే."

తన పని మీద నమ్మకం ఉన్నవాడు స్పానర్లు మోసుకుని ఊరికే వస్తాడా? నా పక్కన కూర్చున్నాడు. దారంతా బండి చక్కగా నడిచింది. హైవే ఎక్కాక వెనక నుంచి అమ్మ — "ఏటే, జీడి వాసనొస్తన్నాది?"

బావ తన వైపు అద్దం దించాడు. ఆయన సంచిదో, వేళ్ళదో, ఇంజిన్‌దో...

వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అమ్మ లోపల మిషను మీద ఉంది. కిటికీలోంచి కింద బండి కనిపిస్తోంది. బానెట్ ఎత్తి ఉంది. బావ తల లోపలికి పెట్టి వంగి ఉన్నాడు, చాలాసేపటి నుంచి. అమ్మ బయటికి రావడానికి ఇంకెంతోసేపు లేదు.