కాల్పులకు క్షమాపణ ఉంది, నవ్వుకు లేదు

మంగళవారం, రాత్రి

ఇందుమూలముగా ఈ ఇంటి ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, నేటినుండి పకోడీ గిన్నెలో అడుగున మిగిలిన కరకర ముక్కలు ఇంటి యజమానికే చెందును.

సాయంత్రం ఈ ప్రకటన చేస్తే నా కూతురు లావణ్య తలెత్తలేదు. కంప్యూటర్‌లో ఆట ఆడుతోంది. ఆ ఆటలో హీరో దొంగ. నా కళ్ల ముందే పదిమందిని కాల్చాడు.

"గీ లుచ్చాగాడు నీకు హీరోనా బిడ్డా?" అన్నాను.

"దొంగతనం, కాల్చుడు ఆటల మామూలే బాపూ. గానీ దోస్తుకు ఉత్తుత్తి ఆశ పెట్టి నవ్విండు చూడు, గది మాత్రం నేను మాఫ్ చెయ్య."

చేతిలోని పకోడీ గిన్నె కింద పెట్టాను. పోయిన వారం, గనిలో నాతో పనిచేసే రాజన్నకు ఆఫీసు గుమస్తా గొంతుతో ఫోన్ చేసి, "నీ కొడుకుకు నౌకరి ఆర్డరు వచ్చింది" అన్నది నేనే. వాడు క్వార్టర్ల లైనంతా మిఠాయి పంచాడు. నేనూ రెండు తిన్నాను. ఇంటికొచ్చి ఈ ఘనకార్యం చెప్పుకొని నవ్వాను కూడా.

లావణ్య ఆట ఆపి నా వైపు తిరిగింది. "రాజన్న కాకకు నిజం చెప్పినవా బాపూ?"

"చెప్పిన. నవ్వి, భుజం మీద ఒక్కటి గుద్దిండు."

"గట్లయితే నువ్వు నయమే" అంది.

ఆర్డరు ఎక్కడ ఆగిందో రేపు ఆఫీసులో అడగాలట, తోడు రమ్మని రాజన్న పొద్దున పిలిచాడు. వాడు నవ్వడం, భుజం మీద గుద్దడం అంతా నేను కల్పించిందే. వాడికి ఇంకా ఏమీ చెప్పలేదు.