నర్సమ్మ నానబోసిన గోధుమలు

ఆగస్టు 2, శనివారం

ఈ డైరీ పుష్పత్త ఇచ్చింది. అట్ట మీద బీపీ మాత్రల కంపెనీ బొమ్మ ఉంది. అత్త ఖమ్మం దవాఖానాలో స్టాఫ్ నర్స్. మా తండాలో మొదటి గవర్నమెంటు ఉద్యోగం ఆమెది. రెండోది మా బాపుది, లైన్‌మన్. మూడోది నాది కావాలని, అదీ నర్సు ఉద్యోగమే కావాలని, నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడే బాపు డిసైడ్ చేశాడు. ఇంటర్ బైపీసీ అయిపోయింది, ఎంసెట్ ర్యాంకు వచ్చింది, ఇక బీఎస్సీ నర్సింగ్. నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు.

తండాలో నన్ను చాంది అని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అందరికీ నర్సమ్మనే. పొద్దున్నే ఒకాయన వచ్చి నాలుక చాపి నిలబడ్డాడు. పళ్లు తోముకొని రమ్మన్నాను. ఒకామె మోకాలి నొప్పితో మొదలుపెట్టి కోడలి దాకా వెళ్లింది. మధ్యలో లేచి వచ్చేశాను. అమ్మను మేం యాడి అంటాం. యాడి తిట్టింది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు పచ్చిమిరపకాయలు తిన్న, అందుకే గిట్ల పుట్టినవ్ అంది.

మేరమ్మ తల్లి పండుగ తీజ్ దగ్గరికొచ్చింది. ఈ ఒక్క పండుగకు తండాలో మా రాజ్యం. పెళ్లికాని ఆడపిల్లలం బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాడుతూ నీళ్లు పోసి మొలకలు పెంచుతాం. పెళ్లయినవాళ్లు గింజ ముట్టుకోకూడదు. గోధుమలు నానబోసే పని ఈసారి నాకు అప్పజెప్పాడు హేమ్లా తాత. ఆయన మా తండా నాయక్. సైన్సు సదివిన పిల్ల, మంచిగ చేస్తది అన్నాడట. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఆగస్టు 4, సోమవారం

మేం పత్తి వేస్తాం, మిర్చి వేస్తాం, వరి వేస్తాం. గోధుమ ఎవరూ వేయరు. పండుగకు మాత్రం గోధుమే కావాలి. కారేపల్లి కిరాణా షాపులో కొనుక్కొచ్చాం.

పోయినేడు గంగాళంలో నానబోస్తే కోళ్లు సగం తినేశాయి. అందుకని నేను పాల క్యాన్‌లో పోశాను. నిండా నీళ్లు, పైన స్టీలు మూత. నా ఫ్రెండ్ రోజారాణి ఎక్కి కూర్చుంటే గానీ ఆ మూత బిగుసుకోలేదు. కోడి కాదు కదా, చీమ కూడా దూరదు. ఇంత సైంటిఫిక్‌గా మా తండాలో ఎవరూ నానబోసి ఉండరు.

రేపు బాపుతో ఖమ్మం పోవాలి, నర్సింగ్ అప్లికేషన్ పెట్టాలి. సాయంత్రానికల్లా వచ్చి గోధుమలు వడకట్టాలి. నేనొచ్చేదాకా క్యాన్ ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ వార్నింగ్ ఇచ్చాను.

ఆగస్టు 5, మంగళవారం, రాత్రి 7

అప్లికేషన్ అయిపోయింది. నెట్ సెంటర్ అతను ఏ కోర్సు అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బాపు చెప్పేశాడు.

వాన మొదలైంది. పుష్పత్త ఇంట్లో ఆగిపోయాం.

ఆగస్టు 6, బుధవారం

వాన. వాగు పొంగింది. ఆటోలు బంద్. క్యాన్ గుర్తొస్తోంది.

ఆగస్టు 7, గురువారం

మధ్యాహ్నానికి తండా చేరాం. నేరుగా క్యాన్ దగ్గరికే పోయాను. మూత తీస్తే గుప్పున వాసన, పులిసిన గంజిలాగా. రోజారాణి ముక్కు మూసుకొని ఏందే ఇది అంది. నానితే గట్లనే ఉంటది అని దబాయించాను. మంచి నీళ్లతో కడిగాం, మళ్లీ కడిగాం. వాసన చాలావరకు పోయింది. నా గుబులు పోలేదు.

కానీ సాయంత్రం మాత్రం ఏం మజా! పుట్టమన్ను, మేకల ఎరువు కలిపి బుట్టలు నింపి, పాడుతూ గోధుమలు చల్లాం. నాయక్ ఇంటి ముందు మంచె మీద బుట్టలన్నీ పెట్టాం. తర్వాత రేగుకొమ్మ ముళ్లకు నానిన శనగలు గుచ్చే ఆట. మనం గుచ్చుతుంటే బావ వరసైన వాళ్లు వచ్చి కుదిపేస్తారు, చెయ్యి కదిలి ముల్లు దిగుతుంది. పుష్పత్త కొడుకు భాస్కర్ దీనికోసమే హైదరాబాద్ నుంచి వచ్చాడు. నర్సమ్మా, సూది గుచ్చుడు వచ్చా నీకు అని ఒకటే కుదుపుడు. గుచ్చి చూపించాను, అతని చేతికే. ఊరంతా వినేలా అరిచాడు.

ఇవాళ్టి నుంచి మాకు ఉప్పు, కారం బంద్. బుట్టలు పెట్టిన పిల్లలు తొమ్మిది రోజులూ చప్పిడి తిండే తినాలి.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంకా మొలకలు కనిపించే టైమ్ కాదు. అయినా మనసు ఊరుకోవడం లేదు. మిగిలిన పొడి గోధుమల్లోంచి కొన్ని రెండు గ్లాసుల్లో వేసి నీళ్లు పోశాను. ఒకదాంట్లో నీళ్లు పొద్దున్నే వంపేసి తడిబట్ట కప్పుతాను. రెండోదాన్ని నిండా నీళ్లతోనే ఉంచి మూత బిగించాను. రెండూ నా కిటికీలో ఉన్నాయి. యాడికి చెప్పలేదు.

ఆగస్టు 9, శనివారం

బుట్టల్లో మన్నే ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

ఈపాటికి తెల్లటి ముక్కులు పైకి రావాలి. ఒక్క బుట్టలోనూ రాలేదు. నీళ్లు పోస్తూ పాడుతున్నాం, గొంతులు సగానికి పడిపోయాయి.

పెద్దవాళ్లు గుమిగూడారు. తీజ్ మొలవకపోవడం వాళ్లెన్నడూ చూడలేదట. ఎవరో నియమం తప్పారట. ఎవరని ఆరా తీస్తే రోజారాణి పేరు బయటికొచ్చింది. శుక్రవారం కారేపల్లి బేకరీలో ఎగ్ పఫ్ తింటుంటే ఎవరో చూశారు. ఆకలైంది, మర్చిపోయిన అని ఏడ్చింది పాపం. వాళ్లమ్మ నలుగురిలో దాని వీపు మీద కొట్టింది. వచ్చే ఏడు బుట్ట పెట్టనియ్యం అని ఇంకొకామె అంది.

నేను ఇంటికొచ్చి కిటికీ చూశాను. తడిబట్ట గ్లాసులో ప్రతి గింజకూ తెల్లటి తోక. మూత గ్లాసు తీస్తే అదే గంజి వాసన. ఒక్క గింజ కూడా కదల్లేదు.

ఇంటర్‌లో శ్వాసక్రియ చాప్టర్ నాకు కొట్టిన పిండి. గింజకు గాలి కావాలి, ఊపిరి తీసుకుంటుంది అని బొమ్మ వేసి రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను. ఆ గింజల్నే క్యాన్‌లో పెట్టి ఊపిరాడకుండా చంపాను. మూత పడకపోతే పైన మనిషిని కూడా కూర్చోబెట్టాను. ఆ కూర్చున్న పిల్లే ఇప్పుడు దెబ్బలు తింటోంది.

చెప్పాలి. భయమేస్తోంది. అయినా చెప్పాలి.

ఆగస్టు 11, సోమవారం

చెప్పేశాను.

రెండు గ్లాసులు పట్టుకొని మంచె దగ్గరికి పోయాను. ఎగ్ పఫ్ ఏం చెయ్యలే, మూత పెట్టింది నేను, రోజా తప్పేమీ లేదు అన్నాను. గ్లాసులు చేతులు మారాయి. అందరూ వాసన చూసి మొహాలు పెట్టారు. హేమ్లా తాత చివరికి అందుకొని తోకున్న ఒక గింజను అరచేతిలో వేసుకొని చాలాసేపు చూశాడు. యాడి తల దించుకొని నిలబడింది. అదొక్కటే చూడలేకపోయాను.

తర్వాత తాత అన్నాడు: గింజ మొలిచిన కాడికెల్లి తొమ్మిది దినాలు కదా పండుగ, మళ్ల చల్లుండ్రి, ఇయ్యాల్టి నుంచి లెక్క. మేరమ్మ తల్లికేం తొందర లేదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్లలు ఎగిరి గంతేశారు, మళ్లీ తొమ్మిది రోజులు ఆట! ఆ వెంటనే ఇంకోటి అర్థమైంది, మళ్లీ తొమ్మిది రోజులు చప్పిడి తిండి. అందరూ కలిసి నన్ను తరిమారు. ముందు రోజారాణే ఉంది.

తడిబట్టలో కట్టి మొలకెత్తించిన గోధుమలు సాయంత్రానికి కావాలి కదా. మిగిలిన పొడి గోధుమలన్నీ నేనూ రోజా నిన్న రాత్రే నానబోసి ఉంచాం. క్యాన్ సంగతి దానికి నిన్ననే చెప్పాను. చెప్పగానే ముందు గిల్లింది, తర్వాత బిందె తెచ్చింది.

ఆగస్టు 13, బుధవారం

వచ్చాయి!! ప్రతి బుట్టలో!!

ఆగస్టు 14, గురువారం

నాకేదో అయింది. పొద్దున లేవగానే బుట్టల దగ్గరికి పోతున్నాను. చూరు కింద ఉన్న నా బుట్ట వెనకబడింది, ఎండ తగిలేవి ముందున్నాయి. ఎరువు ఎక్కువేసిన రోజా బుట్టలో ఆకుల కొనలు మాడాయి. ఎందుకు? ఎంత వేస్తే మాడవు? ఇవన్నీ ఎవరు చదువుతారు అని రోజాని అడిగితే ఫోన్‌లో వెతికి చూపించింది. బీఎస్సీ అగ్రికల్చర్. ఎంసెట్ ర్యాంకుతోనే. అప్లికేషన్ వేరే పెట్టాలి. సోమవారంతో ఆఖరు.

రెండేళ్లుగా ఆ పేరు వింటూనే ఉన్నాను. నాకు సంబంధం లేని కోర్సు అనుకున్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

పుష్పత్త సెలవు మీద వచ్చింది. నేను బుట్టల దగ్గర ఉండగా ఒకాయన జ్వరమని వచ్చాడు. తల తిప్పకుండానే పీహెచ్‌సీకి పో అన్నాను. అత్త అంతా చూస్తూ కూర్చుంది. ఆయన పోయాక మెల్లగా మొదలుపెట్టింది. నీ వార్డుల పేషెంట్లు రోగం తగ్గకముందే ఇంటికి ఉరుకుతరు అంది. నీకు ఓపిక లేదనుకున్న, కానీ గంట నుంచి గా మొలకల కాడనే కూసున్నవ్, ఓపిక మస్తుంది, మనుషుల మీదనే లేదు అంది.

సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. అగ్రికల్చర్ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నా డ్యూటీ ఇష్టం లేనోళ్లు చేసేది కాదు చాందీ, మీ బాపుకు నువ్వే చెప్పు అంది. చాలా రోజుల తర్వాత ఒకరు నన్ను చాంది అన్నారు.

ఆగస్టు 16, శనివారం

బాపుకి చెప్పాను. చెయ్యి కడుక్కుంటున్నాడు, నీళ్లు అలాగే పోస్తూ ఉండిపోయాడు. మట్టి పిసుకుడు మీకొద్దనే నేను స్తంభాలు ఎక్కుతున్న, నువ్వు మళ్ల మట్టే సదువుతా అంటవా అన్నాడు. కోపంగా అంటే తట్టుకునేదాన్ని. మెత్తగా అన్నాడు. నేను ఏడ్చాను.

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? బాపు వాళ్ల నాయన అప్పులిచ్చిన వాళ్ల చేలల్లో కూలి చేస్తూనే పోయాడు. నర్సింగ్ అంటే జీతం, చల్లటి నీడ. అగ్రికల్చర్ అంటే ఆయనకు నడుము నొప్పి.

ఆగస్టు 17, ఆదివారం

బాపు మంచె దగ్గరికి వచ్చాడు. రానే రాడు ఎప్పుడూ. మొలకలు బెత్తెడు దాటాయి, ఆకుపచ్చగా తలలూపుతున్నాయి. గీ బుట్ట ఎవరిది, గింత పొట్టిగుంది అని అడిగాడు. నాదే అన్నాను. చూరు నీడ పడుతుంది, అందుకు అని ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో చూపించాను. పక్కదాని కొనలెందుకు మాడాయో చెప్పాను. ఆపకుండా చెప్తూనే ఉన్నానట, రోజా తర్వాత వెక్కిరించింది.

బాపు అంతా విన్నాడు. విని, మన చేన్ల బోరు మూలకు ప్రతి ఏడు పత్తి ఎండుతది, అదెందుకు అన్నాడు.

నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పి దబాయించొచ్చు, ఆ రోజు క్యాన్ దగ్గర చేసినట్టు. తెల్వదు బాపూ అన్నాను.

తెలుసుకునేటందుకు ఎన్నేండ్లు పడతది అన్నాడు. నాలుగేళ్లు అన్నాను. పన్నెండేండ్ల నుంచి ఎండుతుంది, ఇంక నాలుగేండ్లు ఎండనీ అని బండి తాళం జేబులో తడుముకుంటూ వెళ్లిపోయాడు.

అది అవునో కాదో అర్థం కాలేదు.

ఆగస్టు 18, సోమవారం

అవునే! పొద్దున్నే బండి స్టార్ట్ చేసి జల్దీ ఎక్కు, నెట్ సెంటర్‌ల లైనుంటది అన్నాడు. కారేపల్లిలో ఆపరేటర్ ఏ కోర్సు అని అడిగాడు. బాపు గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగి నిలబడ్డాడు.

నేనే చెప్పాను.

ఆగస్టు 20, బుధవారం

నిన్న నిమజ్జనం. బుట్టలు దింపి, పాడుతూ, ఏడుస్తూ, ఎగురుతూ వాగు దాకా పోయాం. మొలకలు తెంపి అన్నల తలపాగాల్లో పెట్టాలి. నాకు అన్నల్లేరు. బాపు టవల్ చుట్టుకొని ముందుకొచ్చి వంగాడు. నా పొట్టి మొలకలు టవల్‌లో సరిగ్గా నిలబడలేదు. ఇవాళ డ్యూటీకి కూడా చెవి మీద ఒకటి పెట్టుకొని పోయాడు.

నిన్న వాగు నుంచి ఇంటికి రాగానే యాడి పచ్చి కారంతో కోడికూర పెట్టింది. నోరు మండి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్వర్గం.

సెప్టెంబరు 14, ఆదివారం

మా బాపు స్తంభం మీద నుంచే కోర్సు మారిందని అనౌన్స్ చేసినట్టున్నాడు. జ్వరాలు ఆగిపోయాయి. ఇప్పుడు మిరపాకులు వస్తున్నాయి. ముడుచుకున్నవి, మచ్చలున్నవి, కవర్లో పురుగుతో సహా. సీటు కూడా ఇంకా రాలేదు, నాకేం తెలుసు అంటే వినరు. మోకాలి నొప్పి ఆమె కూడా ఆకు పట్టుకొచ్చింది. తిరగేసి చూస్తూ కూర్చున్నాను. కోడలి గురించి మొత్తం చెప్పింది. నేను లేవలేదు.

పేరు మాత్రం మారలేదు. నర్సమ్మనే.

అక్టోబరు 27, సోమవారం

అశ్వారావుపేట. అగ్రికల్చర్ కాలేజీ హాస్టల్. దమ్మపేట దాటిన దగ్గర్నుంచి పామాయిల్ తోటలే, బాపు ఒక్కో దాని గురించీ నన్నే అడిగాడు. వెళ్లేటప్పుడు వెనక్కి చూడలేదు.

యాడి బట్టల మధ్య గుప్పెడు గోధుమలు మూటకట్టి పెట్టింది. ఎందుకో చెప్పలేదు. మెస్ గ్లాసులో నానబోశాను. మూత పెట్టలేదు.