రిసెప్షన్‌లో నీ బండ

అన్నా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది, రెండో ఎండాకాలం నడుస్తోంది. నీతో చెప్పాలని ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నానో... అన్నీ చేదు మాటలే. ముందే చెప్తున్నాను, చదివాక నన్ను తిట్టుకోవద్దు.

మన లాడ్జి ఇప్పుడు లాడ్జి కాదు. నీ కొడుకు సామేలు దాన్ని బొటీక్ హోటల్ చేశాడు. బొటీక్ అంటే కర్నూల్లో జాకెట్లు కుట్టే అంగడి కదరా, అది మనకెందుకు అని అడిగాను. నవ్వాడు. అత్తకు ఏమీ తెలియదని బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరమ్మతో ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ అర్థమవుతుంది.

ముందు బోర్డు పీకారు. తర్వాత ఇనప మంచాలన్నీ పాత సామాన్ల బండి ఎక్కాయి. మంగంపేట నుంచి ముగ్గురాయి లోడుతో వచ్చే డ్రైవర్లు పడుకుని లేస్తే దుప్పటి మీద తెల్లగా మనిషి ఆకారం మిగిలేది, గుర్తుందా? నేను సణుక్కుంటూ ఉతుకుతుంటే నువ్వు, "వాళ్ల కష్టం మే అది. సబ్బు పెడితే పోతాదిలే" అనేవాడివి. ఇప్పుడు ఆ డ్రైవర్లు గేటు దాకా కూడా రారు. లారీలు నిలిపే చోట పచ్చగడ్డి పెంచారు. మన నేలలో గడ్డి! దానికి రోజూ ట్యాంకరుతో నీళ్లు.

గదులకు నంబర్లు తీసేసి నదుల పేర్లు పెట్టారు. తుంగభద్ర, కుందూ, పెన్న... పెన్న గదిలో కుళాయి తిప్పితే గాలి వస్తుంది. పేరు మాత్రం సరిగ్గా కుదిరింది.

నా సంగటి కూడా మెనూ ఎక్కింది. నిమ్మకాయంత ముద్ద, దాని నెత్తిన ఒక కొత్తిమీర ఆకు. "ఇంకో ముద్ద ఎయ్ మే, ఆయప్ప తెల్లార్లూ బండి తోలాల" అని నా వెనకాల నిలబడి పెట్టించినవాడివి, ఆ పళ్లెం చూస్తే ఏమంటావో?

ఇవన్నీ ఓర్చుకున్నాను. కట్టింది నువ్వు, నీ తర్వాత వాడిది. మొగుడు పోయి అన్న పంచన చేరి, వంటిల్లు చూసుకున్నదాన్ని... మధ్యలో నేనెవరిని? వాడిని ఒక్కటే అడిగాను. వేపచెట్టు కింది బండ జోలికి పోవద్దురా, దాని పక్క కుళాయి పీకొద్దురా అని. సరే అత్తా అన్నాడు.

ఆ బండ ఎందుకు వేశావో వాడికి తెలియదా అన్నా?

వదిన కర్నూలు పెద్దాసుపత్రిలో కన్నుమూసిన రోజు వాడు అప్పుడప్పుడే పాలు మరిచిన పిల్లాడు. జీపులో నా ఒళ్లో ఉన్నాడు. మన కాళ్ల దగ్గర వదిన. ఎండకు రేకు కాలిపోతోంది. నీళ్లు, నీళ్లు అని వాడు ఒకటే ఏడుపు. ఏ హోటలు ముందు ఆపినా చెయ్యి ఊపి తరిమేశారు. బేరాల వేళ శవం బండి వాకిట్లో ఆగకూడదట. చివరికి డ్రైవరు ఇంజనుకు పోయడానికి డబ్బాలో పెట్టుకున్న నీళ్లు తాగించాను వాడికి. తుప్పు వాసన కొట్టే నీళ్లు. వాడు గటగటా తాగేశాడు. నువ్వు ఏడవలేదు. పళ్లు బిగబట్టి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నావు.

ఆ తర్వాత ఇదే రోడ్డు మీద లాడ్జి మొదలుపెట్టావు. గోడలు లేవకముందే నల్లటి కడప బండ తెచ్చి, వేపచెట్టు నీడన రెండు రాళ్ల మీద పరిపించావు. పక్కన కుళాయి వేయించావు. కర్నూలు ఆసుపత్రి నుంచి కడప పల్లెలకు పోయే బండ్లన్నీ అక్కడే ఆగేవి. మనిషిని బండ మీద దించి, ఐసు మార్చుకుని, ఆడవాళ్లు ముఖాలు కడుక్కుని, గొంతెత్తి ఏడ్చి, టీ తాగి పోయేవాళ్లు.

జనం శవాల లాడ్జి అని పేరు పెట్టారు. పెళ్లివాళ్లు గదులు తీసుకోవడం మానేశారు. నేనే పోట్లాడాను నీతో, ఎందుకన్నా మనకీ పేరు అని. "చచ్చినోళ్లకు దప్పిక ఉండదు మే. తోడొచ్చినోళ్లకు ఉంటాది. చర్చికి పోయేటోళ్లం, మనం మైల పట్టే ఇంటోళ్లం కాదు కదా, మనం కూడా పొమ్మంటే వాళ్లు యాడికి పోవాల?" అన్నావు. బండి కనబడితే చాలు, "ఆపండప్పా, ఈడ దిగండి" అంటూ నువ్వే రోడ్డు మీదికి పోయేవాడివి.

ఆఖరుకు నిన్నూ ఆ బండ మీదే పడుకోబెట్టాం కదా... పెట్టె వచ్చేదాకా. సామేలు దాని అంచు పట్టుకుని ఎట్లా ఏడ్చాడో నేను మరిచిపోలేదు. వాడెట్లా మరిచిపోయాడు?

బండ జోలికి పోనన్న మాట వాడు తన పద్ధతిలో నిలబెట్టుకున్నాడు. చెట్టు కొట్టేశాడు, కుళాయి పీకేశాడు. బండకు మాత్రం పాలిష్ పట్టించి రిసెప్షన్‌లో వేశాడు. దాని మీద రంగురంగుల దిండ్లు. వచ్చినవాళ్లు కూర్చుని కాఫీ తాగడానికట! నాన్న గుర్తుగా ఉంచుకున్నానత్తా అన్నాడు. ప్రేమతోనే అన్నాడు అన్నా... అందుకే నా కడుపు ఇంకా మండింది. ఒరే మొద్దూ, దాన్ని ఎక్కడ పెట్టకూడదో అక్కడే పెట్టావు కదరా అని లోపల్లోపల తల బాదుకున్నాను.

ప్రారంభం రోజు అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. బెంగుళూరు నుంచీ కడప నుంచీ పెద్దపెద్దవాళ్లు వచ్చారు. నాకు కొత్త చీర కట్టించి, ఇత్తడి చెంబు చేతికిచ్చి వాకిట్లో నిలబెట్టారు. చెంబు నీళ్లలో గులాబీ రేకులు. వచ్చినవాళ్ల చేతుల మీద పోయాలి, వాళ్లు ఫోటో తీసుకోవాలి. అదీ నా పని.

మధ్యాహ్నం కర్నూలు వైపు నుంచి ఆసుపత్రి బండి వచ్చింది. తోలేది మన మస్తానే. నీ బండ దగ్గర ఎన్నేళ్లుగా ఆపుతున్నాడు... అలవాటు కొద్దీ గేటు ముందు స్లో చేశాడు. వాచ్‌మన్ ఈల ఊదాడు. సామేలు తానే పరుగెత్తాడు. లోపలికి రమ్మంటాడు, నీ రక్తం కదా అనుకున్నాను...

చెయ్యి ఊపాడు అన్నా. పో పో అని. ఆ రోజు హోటళ్ల వాళ్లు మనకు ఊపినట్లే ఊపాడు.

బండి కిటికీలో ఒక ఆడమనిషి తల వాల్చుకుని ఉంది. నేను ఆ చెంబుతోనే రోడ్డు మీదికి పరుగెత్తాను. ఈ మోకాళ్లతో ఎంత దూరం పరుగెత్తను? బండి పోయింది. గులాబీ రేకుల చెంబు పట్టుకుని పిచ్చిదానిలా నడిరోడ్డు మీద నిలబడ్డాను.

తిరిగి లోపలికి వస్తే, బండ మీద కూర్చున్న ఒకామె దాన్ని చేత్తో నిమురుతూ, ఎంత బాగుందో ఈ రాయి, ఎక్కడిది అని సామేలును అడుగుతోంది. మా నాన్న కాలం నాటిది మేడం అని వాడు మొదలుపెట్టాడు. మిగతాది నేను చెప్పాను. ఇది ఆసుపత్రి నుంచి వచ్చే శవాలను దించే బండమ్మా, ఆఖరున దీని మీద పడుకున్నది ఈ అబ్బాయి నాయనే అన్నాను.

అందరూ ఒక్కసారిగా లేచారు. కాఫీ కప్పు కింద పడింది. ఆమె చీర కుచ్చిళ్లు దులుపుకుంటూనే ఉంది, దులుపుకుంటూనే ఉంది.

నోరు జారలేదు. తెలిసే అన్నాను. తప్పు చేశానా? నువ్వుంటే నన్ను తిట్టేవాడివా, నవ్వేవాడివా? వాడి ముఖం చూస్తే నాకూ గుండె కలుక్కుమంది... కానీ ఆ బండి కిటికీ గుర్తొస్తే, ఇంకో నాలుగు మాటలు అనాల్సిందనిపిస్తుంది.

ఆ సాయంత్రమే మనుషుల్ని పెట్టి బండను మోయించి ప్రహరీ అవతల, కల్వర్టు పక్కన పారేయించాడు. అప్పటి నుంచి నాతో మాట లేదు. వేళకు అన్నం పంపిస్తాడు. ముఖం మాత్రం చూడడు.

నాకు కావలసింది బయటికి వచ్చింది కదా. మస్తాన్‌నూ, ఇద్దరు ముగ్గురాయి డ్రైవర్లనూ బతిమాలి దాన్ని మళ్లీ రాళ్ల మీదికి ఎత్తించాను. చెట్టు లేదు. పైన టార్పాలిన్ కట్టారు. రెండు కుండలు పెట్టాను. పాలిష్ మీద కుండ జారుతోంది, పాడు పాలిష్... కింద గోనెపట్ట వేశాను. బండ్లు ఆగుతున్నాయి. గదుల్లోవాళ్లకు కనబడకూడదని సామేలు ప్రహరీ మీద ఇంకో వరస ఇటుకలు పేర్పించాడు.

మొన్న ఒక బండిలోంచి చిన్న పిల్ల దిగింది. చెంబు వదలకుండా తాగింది. తలెత్తి చూస్తే మేడ మీద సామేలు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి లోపలికి పోయాడు. ఆ డబ్బా నీళ్ల రుచి వాడి నాలుకకు ఏమైనా తగిలిందా? లేక కుండలు తీయించేందుకు మనుషులను పిలవడానికి పోయాడా? ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

ఇంకొకటి... నాకు గుండెలో ఏదో ఉందట. కర్నూలు పోయి కోయించుకోవాలన్నారు. భయం లేదు. కుండలు నింపి పెట్టే పోతాను, అది నీకు మాట ఇస్తున్నాను. మస్తాన్‌కు మాత్రం ఒకటి చెప్పి పెట్టాను. నేను కూర్చుని వచ్చినా, పడుకుని వచ్చినా, బండి నీ బండ దగ్గరే ఆపమన్నాను. హోటలు గేటు ముందు స్లో కూడా చేయొద్దన్నాను. బండిలో ఎవరున్నారో చూసుకోకుండా, నీ కొడుకు మళ్లీ ఆ చెయ్యి ఊపుతాడేమోనని.

నీ చెల్లెలు,
సుగుణ